పుష్య మాసం గురించి నాకు తెలిసింది

 

మన గోడ పత్రికలో ఎడమ దిక్కు "జిల్లా వార్తలు" అని ఉంటుంది కదా. ఈ సంవత్సరం ఆ పని నాది. స్టాఫ్ రూమ్‌లో సార్లు చదివిన పేపర్లు తెచ్చుకొని, మన జిల్లావి కత్తెరతో కోసి, పెద్ద అక్షరాలతో మళ్లీ రాసి పెడతాను. సెలవులకు ముందు ఒక పేపర్ల చిన్న వార్త కనబడ్డది. పుష్య మాసం మొదలైంది, ఇది శూన్య మాసం, పెండ్లిళ్లు గృహప్రవేశాలు ఉండవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీ అని రాసిన్రు. అదే పేజీల కింద ఇంకో వార్త, కేస్లాపూర్ నాగోబా జాతరకు ఏర్పాట్లు అని. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసిన. శూన్యం అంటే సున్న. మరి మా ఇంట్ల అన్నీ ఈ నెలలనే ఉంటయి.

తెలుగు సారును అడిగిన. సారు కొంచెంసేపు ఆలోచించి, "తెలుగోళ్ల పంచాంగంల అట్లనే ఉంటది. మీది వేరు. నువ్వే రాయి, పత్రికలో పెడదాం" అన్నరు. అందుకే రాస్తున్న. సెలవులకు ముందు మొదలుపెట్టిన, జాతర అయి వచ్చినంక పూర్తి చేసిన. మధ్యల ఒకటి జరిగింది కాబట్టి మొదట అనుకున్నట్టు రాలేదు.

నేను మెస్రం వంశం పిల్లను. తెలియనివి మా తాతను అడిగిన. కొన్ని సంగతులు లైబ్రరీ పుస్తకంల చూసిన. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే, అందుకని తప్పులుంటే పక్కన పెన్సిల్‌తోని రాయండి, పెన్నుతోని కొట్టేయకండి.

పుష్య మాసాన్ని మనోళ్లు పుస్ అంటరు. మార్గశిర అమావాస్య పోయి సన్నటి నెలవంక కనబడంగనే మొదలైతది. ఆ రోజు మా తాత చెప్పులు విడిచి చూరు కింద పెడతడు. నెలంతా ముట్టడు. మన దిక్కు ఆ రోజుల్లో చలి ఎట్లుంటదో మీకు చెప్పనక్కర లేదు, పొద్దుగాల నల్లా నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతయి. అయినా బండరాళ్ల మీద ఒట్టి కాళ్లతోనే నడుస్తరు. ఎందుకు తాతా అంటే, దేవుళ్లు తిరిగే నెల, నేల మీద వాళ్లున్నప్పుడు చెప్పులతోని తొక్కుతమా అన్నడు.

ఈ నెలనే ఎందుకు అని కూడా అడిగిన. దానికి మా బాపు జవాబు చెప్పిండు. జొన్న కోత అయితది, పత్తి చాలావరకు ఇంటికొస్తది, పెసర మినుము అంతకు ముందే అయిపోతయి. చేతిల పని తక్కువ, ఇంట్ల గింజలు ఎక్కువ. ఎండకాలమైతే నీళ్లుండవు, వానకాలమైతే వాగులు దాటలేము. నడిచి దేవుని దగ్గరకు పోవాలంటే ఇదే నెల. బాపు మాట నాకు బాగా అర్థమైంది. తాత మాట కూడా వదలబుద్ధి కాలేదు, అందుకని రెండూ రాసిన.

ఈ నెలలో జాతరలు వరసగా వస్తయి. పౌర్ణమికి నార్నూర్‌లో ఖాందేవ్ జాతర. అది తొడసం వంశం వాళ్లది. వాళ్ల ఆడపడుచు ఒకామె మొక్కుబడిగా నువ్వుల నూనె తాగుతది. ఒక గ్లాసు కాదు, కిలోల లెక్కన. ఒకరే వరుసగా మూడేండ్లు తాగాలె. వంశం వాళ్ల ఇండ్లల్లకెల్లి తెచ్చిన నూనె అది. మన ఏడో తరగతిల తొడసం చెల్లె ఉంది, ఆమెను అడిగితే ఇంకా బాగా చెప్తది. కెరమెరి మండలం దిక్కు మహారాష్ట్ర సరిహద్దుల జంగుబాయి ఉంది. అక్కడ గుడి కట్టలేదు, దేవత గుహల ఉంటది, దీపం పట్టుకొని లోపలికి పోవాలె. సరిహద్దు అవతలి నుంచి కూడా మనోళ్లు బండ్లు కట్టుకొని వస్తరు. నేను ఇంకా పోలేదు కాబట్టి ఇంతే రాస్తున్న.

నాగోబా గురించి ఎక్కువ రాస్తా, అది నేను చూసింది కాబట్టి.

నాగోబా అంటే నాగదేవుడు. గుడి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఉంది. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. 2025లో జనవరి 28న వచ్చింది. పేపర్ల ఆ రోజు నుంచే జాతర అని రాస్తరు. కాని మాకు అది చివరి దినాల సంగతి. మొదలు నెలవంక నుంచే ఉంది. ముందుగాల మా వంశం పెద్దలు చిన్న ఎడ్ల బండి కట్టుకొని ఊర్లకు పోయి జాతర వస్తుందని చెప్తరు. సిరికొండల కుమ్మరి ఇంట్ల కొత్త కుండలు చెయ్యమని చెప్తరు. ఆ కుమ్మరి వాళ్లు మన కులం కాదు, మన భాష కాదు, అయినా వాళ్ల చేతి కుండలు లేకుంటే దేవునికి వంట లేదు. తరతరాల నుంచి అట్లనే నడుస్తుందట.

తర్వాత గంగనీళ్ల కోసం నడక. ఇత్తడి ఝారి పట్టుకొని, తెల్ల బట్టలు కట్టుకొని, చెప్పులు లేకుండా గోదావరి దాకా పోతరు. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు అని ఉంది, నీళ్లు అక్కడనే ముంచాలె. ఒక ఊర్ల మధ్యాహ్నం తిండి, ఇంకో ఊర్ల రాత్రి నిద్ర. మా బాపు రెండుసార్లు నడిచిండు. అరికాళ్లు పగిలి ఇంటికొచ్చినంక అవ్వ వెచ్చని నూనె రాసేది. ఝారిని తొవ్వల నేల మీద పెట్టరు. తిరిగి వచ్చేటప్పుడు ఇంద్రవెల్లిల ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతరు.

2016లో మన జిల్లాను నాలుగు చేసిన్రు కదా, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని. ఇప్పుడు చూస్తే గుడి ఆదిలాబాద్‌ల, నీళ్లు మంచిర్యాలల. జంగుబాయి, కుమురం భీం ప్రాణమిచ్చిన జోడేఘాట్ ఆసిఫాబాద్‌ల. దండారి వాళ్లు మొక్కే పద్మల్‌పురి కాకో గుడి మళ్లీ మంచిర్యాల జిల్లా గుడిరేవుల. నేను "జిల్లా వార్తలు" రాసేటప్పుడు ఏ జిల్లా అని మొదట్ల తికమక పడ్డ. ఇప్పుడు నాలుగింటివి కలిపే పెడుతున్న, ఎవరైనా ఇది మన జిల్లా కాదు అంటే ఈ పేరా చూపిస్తా.

మర్రిచెట్ల కింద వందల బండ్లు దిగుతయి. ఎండ్లుగా పాతుకపోయిన చెట్లు, ఒక్కొక్క దాని కింద చిన్న ఊరు పట్టేంత. మెస్రం వాళ్లల 22 కితలు ఉన్నయి. కిత అంటే వంశంల చిన్న కొమ్మ అనుకోండి. మా కితకు మా పొయ్యి, మీ కితకు మీ పొయ్యి. వంటకు పొయ్యిలు కూడా 22 లెక్కనే. ఆడపడుచులు, అల్లుళ్లు కలిసి కోనేటి నీళ్లు కొత్త కుండలల్ల తెచ్చి, పుట్టమన్ను తడిపి పుట్ట కడతరు. అల్లుళ్లకు అక్కడ పని పెట్టి అందరూ నవ్వుతరు, బావలు బురదల కాళ్లు పెట్టి తొక్కుతుంటే మరదండ్లు ఊకుంటరా.

అమావాస్య రాత్రి గంగనీళ్లతోని పూజ అయినంక "భేటింగ్" ఉంటది. మెస్రం ఇంటికి కోడలుగ వచ్చిన పిల్లను నాగోబాకు చూపించుడు. భేటింగ్ కాని కోడలు గుడిలకు పోరాదు, దేవున్ని చూడరాదు. మా వదినకు అయింది. పెండ్లి అయి రెండేండ్లయినా అంతకుముందు కుదరలేదు. తెల్లచీర కట్టి, మొకం మీదకు కొంగు లాక్కొని, అట్లనే కోడండ్ల వరసల నిలబడ్డది. చలికి వణుకుతుంటే నా చెయ్యి పట్టుకుంది. వరస కదలంగనే నా చెయ్యి వదిలి పెద్ద ఆడోళ్లతోని లోపలికి పోయింది. బయటకు వచ్చినంక మొకం మీద కొంగు తీసింది, అప్పటినుంచి మా ఇంట్ల మాట్లాడుడే వేరు. మొన్న తాతకే ఎదురు చెప్పింది, ఎడ్లను అప్పుడే అమ్మొద్దని. ఇక నేను ఈ ఇంటి మనిషినే కదా అన్నది.

పూజ అయినంక జాతర. గాజులు, జొన్న పేలాలు, రంగుల రాట్నం. చివరిరోజుల్లో దర్బార్ పెడతరు. కలెక్టర్, ఐటీడీఏ ఆఫీసర్లు వచ్చి దరఖాస్తులు తీసుకుంటరు. ఈ దర్బారుకు కారణం హైమన్‌డార్ఫ్ అనే ఆయన. 1940లో కుమురం భీంను నిజాం పోలీసులు జోడేఘాట్ గుట్టల మీద చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకొమ్మని నిజాం సర్కారు ఈయనకు చెప్పింది. ఆయన, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. మన భాష నేర్చుకున్నరు. 1943లో గోండు పిల్లలకు చదువు చెప్పేందుకు గోండు పంతుళ్లను తయారు చేసే కేంద్రం మార్లవాయిలనే పెట్టిన్రు. మొదటి వాచకాలు గోండి భాషలోనే, దేవనాగరి అక్షరాలతో ఉండెనట. నేను ఒకటో తరగతికి వచ్చినప్పుడు పంతులు ఏం అంటున్నడో నాకు ఆరు నెలలు తెలువలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు. నీళ్లు కావాలె అని అడగరాక మధ్యాహ్నం దాకా ఊకున్న రోజులున్నయి. మా తాత పుట్టకముందే గోండి పుస్తకం ఉండె అని చదివినప్పుడు, మరి నా దాకా ఎందుకు రాలేదో అనిపించింది.

ఇదంతా జాతర గురించి. ఇప్పుడు మన బడి గురించి, వార్డెన్ మేడం కూడా చదువుతరు కాబట్టి కొంచెం భయంతోనే రాస్తున్న.

సంక్రాంతి సెలవులు అయిపోయినా పిల్లలు రారు, హాజరు పట్టీల అన్నీ "ఆ"లు పడతయి అని ప్రతి సంవత్సరం మీటింగుల తిడతరు. నా పేరు ఎదురుగ కూడా 11 ఉన్నయి. మేడం, సంక్రాంతి పుష్య మాసం మధ్యల వస్తది. మా అమావాస్య మాసం చివరల వస్తది. కొన్ని ఏండ్లు సెలవులు అయిపోయినంక పది రోజులకు వస్తది. అప్పుడు ఇంట్లకెల్లి పిల్లను ఎవరు పంపిస్తరు? వచ్చిన పిల్ల కూడా పుస్తకం ముందట పెట్టుకొని మర్రిచెట్లే తలుచుకుంటది. ఎగ్గొట్టాలని కాదు. నాగోబా అయినంక శ్యాంపూర్‌ల బుడుందేవ్ జాతర కూడా ఉంది, దానికి మాత్రం ఉండకుండా వచ్చేసిన, ఇది కూడా గమనించగలరు.

మన బడిల ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తం. నవంబరు 15 బిర్సా ముండా పుట్టినరోజు, ఆయన పుట్టింది 1875ల, 2021 నుంచి దేశమంతట జనజాతీయ గౌరవ దినం అని చేస్తున్నరు. మన బడిల కూడా చేసినం, ఒక్క రోజు కాదు, ఆ నెలంతా శనివారం శనివారం సంస్కృతి కార్యక్రమం పెట్టినం. అది బాగుండె. కొలాం చెల్లెండ్లు వాళ్ల భాషల పాడిన్రు, అప్పటిదాకా వాళ్ల భాష మా భాష ఒకటే అనుకున్నోళ్లు చానామంది ఉండిరి. మా గోండు అమ్మాయిలు డెంసా ఆడిన్రు.

గుస్సాడీ మీద మాత్రం లొల్లి అయింది. అట్టముక్కలతో టోపీ చేసి, డ్రాయింగ్ షీటు మీద నెమలి కన్నులు గీసి అతికించినం. స్టేజీ మీద పది నిమిషాలు గుస్సాడీ ఆడినం. చప్పట్లు మస్తు కొట్టిన్రు. కాని చూడనీకి వచ్చిన ఒక పెద్దమనిషి చిన్నబుచ్చుకున్నడు. గుస్సాడీ పుష్య మాసందీ కాదు, నవంబరు సగంలదీ కాదు. అది దండారిది. ఆశ్వయుజ పౌర్ణమి దాటినంక మొదలై దీపావళి తర్వాత అయిపోతది. నెమలి ఈకల టోపీకి ముందు పూజ చేస్తరు. గుస్సాడీ కట్టినోళ్లు ఆ దినాలన్నీ స్నానం చెయ్యరు, ఒంటికి బూడిద ఉంటది, వాళ్లల ఏత్మాసూర్ దేవుడు ఉంటడని మనోళ్ల నమ్మకం. అటువంటిది అట్టముక్కతో చేసి తీసి బెంచీ కింద పడేస్తరా అన్నడు ఆయన. నిజమే, మా టోపీలు ఆ రాత్రి బెంచీ కిందనే ఉన్నయి.

ఇంకో మాట కూడా ఉంది. మార్లవాయి కనకరాజు గారు తన వాళ్లకు గుస్సాడీ నేర్పించి గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీల ఆడించిండు. 2021ల ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరుల చనిపోయిండు. ఆయన ఢిల్లీల ఆడకపోతే మన గుస్సాడీ ఎవరికి తెలిసేది? అట్లని మేము అట్టముక్కతోని ఆడింది ఆయన ఆడినట్టు అవుతదా? నాకు ఇది తేలలేదు. తాతను అడిగితే, ఆయన నేర్చుకొని ఆడిండు, మీరు గీసుకొని ఆడిన్రు అన్నడు.

ఆ వారంలనే జరిగింది ఇంకొకటి. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించిన.

మన క్లాసుల ఒక అమ్మాయి ఉంది. పేరు రాయను, అందరికీ తెలుసు. ఆమె పర్ధాన్. వాళ్ల బాపు బిడ్డను చూద్దామని మన హాస్టల్ గేటు దగ్గరికి వచ్చిండు. భుజానికి కింగ్రి ఉంది, ఇంకో భుజాన జొన్నల సంచి ఉంది. మేము ప్లేట్లు కడుగుతున్నం. ఎవరో "అడుక్కునేటాయన వచ్చిండు" అన్నరు. ఆయన బిడ్డ పేరు చెప్పి పిలవంగనే అందరం నవ్వినం. నేను కూడా నవ్విన. ఆ అమ్మాయి గేటు దాకా పోయి, బాపుతో మాట్లాడకుండా మెల్లగ వాపస్ వచ్చింది. రాత్రి అన్నానికి రాలేదు. ఆ ఆదివారం ఇంటికి పోయి 20 రోజులు రాలేదు. వార్డెన్ మేడం ఊరికి పోయి తీసుకొచ్చిన్రు. అప్పటినుంచి మాతోని మాట్లాడదు, క్లాసుల కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుంటది.

పర్ధాన్ అంటే ఎవరో నాకు పుస్ నెలల తెలిసింది.

పోయిన ఎండకాలం మా అమ్మమ్మ కాదు, బాపు తల్లి, మా ఆయి చనిపోయింది. మెస్రం వంశంల ఆ సంవత్సరం పోయినోళ్లకు కేస్లాపూర్ మర్రిచెట్ల కింద తూం పూజ చేస్తరు. అది అయితేనే వాళ్లు మన పెద్దలల్ల కలుస్తరని నమ్మకం. మా తాత పొద్దుటినుంచి ఏం తినలేదు. పర్ధాన్ వచ్చిండా, పర్ధాన్ వచ్చిండా అని అడుగుతనే ఉన్నడు. పర్ధాన్ రాకుంటే మొదలు కాదట. చీకటి పడే ముందు వచ్చిండు. భుజానికి కింగ్రి. నేను గుర్తుపట్టిన. గేటు దగ్గరికి వచ్చినాయననే.

మా తాత లేచి నిలబడ్డడు. మా తాత సర్పంచ్ వచ్చినా మంచం మీదనుంచి లేవడు. చెంబుతో నీళ్లిచ్చి, ఆయన కూర్చున్నంక తను నేల మీద కూర్చున్నడు. కింగ్రికి మూడు తంతులు ఉంటయి, కమాను గుర్రం వెంట్రుకలతోని చేస్తరు. ఆయన తంతులు సరిచేసుకొని మొదలుపెట్టిండు. ముందుగాల దేవుళ్ల కథ, మనం నాలుగు దేవుళ్లోళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్లోళ్లు ఎట్ల అయినమో. మెస్రం వాళ్లం ఏడు దేవుళ్లోళ్లం. అటెన్క ఏడుగురు అన్నదమ్ముల కథ. తర్వాత మా ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే. నాకు మా తాత బాపు పేరు వరకే తెలుసు. ఆయన అంతకు పైన ఎన్ని పేర్లు చెప్పిండో లెక్క తప్పిన. ఏ పుస్తకం చూడలేదు. చివరకు మా ఆయి పేరు ఆ వరసల కలిపిండు. అప్పుడు మా తాత ఏడ్చిండు. ఎండకాలం మట్టి చేసిన నాడు కూడా ఏడవలేదు.

తర్వాత తాతనే నాకు చెప్పిండు. ఒక్కొక్క గోండు ఇంటికి ఒక పర్ధాన్ ఇల్లు ఉంటది, వంశం పేరు కూడా ఒకటే ఉంటది. మెస్రం గోండుకు మెస్రం పర్ధాన్. పెర్సాపేన్ దగ్గర కటోడ పూజ చేస్తడు, పర్ధాన్ కథ చెప్తడు, ఇద్దరూ ఉండాలె. ఇంటింటికి పోయి తీసుకునే జొన్నలు భిచ్చం కాదు, అది వాళ్ల హక్కు, ఇయ్యకుంటే మనకే దోషం. మన దగ్గర రాసిపెట్టినోళ్లు తక్కువ కాబట్టి వాళ్ల నోరే మన పుస్తకం అన్నడు తాత. తోటి వాళ్లు కూడా ఇట్లనే కథలు చెప్తరు, వాళ్ల జనం చానా తక్కువ మంది ఉన్నరు. పర్ధాన్లు చానా ఊర్లల్ల ఇంట్ల మరాఠీ మాట్లాడుకుంటరు, కథ మాత్రం గోండిల చెప్తరు. మన భాష కాని ఇంట్ల మన కథ ఉంది.

రాసిపెట్టినోళ్లు అసలే లేరని కాదు. నార్నూర్ మండలం గుంజాలల గోండి లిపి రాతప్రతులు దొరికినయి. ఆ లిపికి గుంజాల గోండి అని పేరు, 2018ల కంప్యూటర్ అక్షరాల యూనికోడ్‌ల కూడా చేరింది. మన కంప్యూటర్ రూంల అది కనబడుతదా అని సారు చూస్తా అన్నరు. ఇది వచ్చే నెల జిల్లా వార్తలల్ల పెడతా. ఇంకో వార్త కూడా పాతదైనా ఇక్కడ రాస్తున్న, కొత్తగ చేరిన చెల్లెండ్లకు తెలువదు కాబట్టి. కేస్లాపూర్‌ల ఇప్పుడున్న రాతి గుడి మెస్రం వాళ్లు సొంత పైసలు పోగు చేసుకొని కట్టుకున్నది, సుమారు 5 కోట్లు అయినయట, 2022 డిసెంబరుల దేవున్ని ప్రతిష్ఠించిన్రు. పత్తి అమ్మిన పైసలల్ల మా ఇంటి నుంచి కూడా ఇచ్చినం.

మర్రిచెట్టు కింద తెల్లారినంక ఆయన కింగ్రిని గుడ్డల చుడుతుంటే నేను చాయ్ తీసుకపోయిన. నన్ను గుర్తుపట్టలేదు. మా తాత చెప్పిండు, ఈమె కూడా ఆ హాస్టల్‌లనే చదువుతది అని. ఆయన సంతోషపడి అడిగిండు, "మా బిడ్డ మంచిగున్నదా? అక్కడ దోస్తులున్నరా?"

ఉన్నరు అని చెప్పిన.

చాయ్ తాగి, తాత ఇచ్చిన కొత్త ధోవతి, జొన్నలు సంచిల పెట్టుకొని, ఇంకో కిత పొయ్యి దగ్గరికి పోయిండు. ఆ రాత్రంతా చెప్పిన గొంతు బొంగురు పోయింది.

హాస్టల్‌కు వచ్చి మూడు రోజులయింది. ఆ అమ్మాయితోని మాట్లాడుదామని రెండుసార్లు కిటికీ దగ్గరికి పోయిన. ఆమె పుస్తకం తిప్పుకుంది. మా ఇంటి పెద్దల పేర్లు మీ బాపు చెప్పిండు అని చెప్దామనుకున్న, నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాసిన. మన దగ్గర కొలాం, తోటి, నాయక్‌పోడ్, లంబాడ అక్కచెల్లెండ్లు కూడా వాళ్ల నెలల గురించి రాస్తే వచ్చే సంచికల పెడతం. కాగితం నా దగ్గర తీసుకోండి, ఒక దిక్కే రాయండి.

ఈ నెల పత్రిక అంటించే వంతు 9వ తరగతి కిటికీ బెంచీది. మైదా జిగురు వంటింట్ల పెట్టిన. అందరికంటే ముందు చదివేది ఆమెనే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
జిల్లా వార్తలు